చినెన్ గారి మూడు తీగలు

షెర్లీ పనిలో చేరిన మొదటి రోజే చినెన్ గారు ఆమెను వెళ్ళిపొమ్మన్నారు.

"నాకు కాపలా అక్కర్లేదు," అన్నారు తలుపు జానెడే తెరిచి. ఎనభై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, బక్కగా ఉన్నా వెన్ను మాత్రం కర్ర మింగినట్టు నిటారుగా ఉంది. "మా అమ్మాయికి భయమెక్కువ. నేనింకా పోలేదని దానికి చెప్పు."

బయట మైనస్ ఇరవై ఆరు. కాల్గరీలో ఆ మూల నుంచి తిరుగు బస్సు మరో నలభై నిమిషాలకి గానీ లేదు. షెర్లీ ముక్కు తుడుచుకుని, బస్సు వచ్చేదాకా లోపల నిలబడనిస్తారా అని అడిగింది. ఆయన ఆమె కాళ్ళకేసి చూశారు. నరసాపురం బజార్లో కొన్న కాన్వాసు బూట్లు మంచుకి తడిసి నల్లబడి ఉన్నాయి. "వీటితోనా వచ్చావు?" అంటూ తలుపు బార్లా తీశారు. ఆ బస్సూ పోయింది, దాని తర్వాతి బస్సూ పోయింది. ఆయన సూప్ వేడిచేసి గిన్నెలో పోసిచ్చి, ఆమె తాగుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

అది రెండువేల ఇరవై రెండు నవంబరు. ఆ ఏడు జనవరి కాలేజీ ఇన్‌టేక్‌లో దిగిన వందలమందిలో షెర్లీ ఒకతె. ఇరవై మూడేళ్ళ పిల్ల. తండ్రి కాలేబు నరసాపురంలో చర్చి హార్మోనియం వాయించేవాడు, తల్లి ఇంట్లో కూర్చుని ఎగుమతి కంపెనీలకి లేసు అల్లేది. కాల్గరీలో ఆరుగురు అమ్మాయిలు కలిసి ఒక బేస్‌మెంట్ తీసుకున్నారు. కాలేజీ వారానికి మూడు రోజులు. మిగతా రోజులు రెజ్యుమేలు పట్టుకుని కాఫీ షాపులు తిరగడం, ప్రతి కౌంటర్ ముందూ తమలాంటి వాళ్ళే ఇరవైమంది నిలబడి ఉండటం చూసి వెనక్కి రావడం. చివరికి ఆదివారం తెలుగు ప్రార్థనలో పరిచయమైన దయావతి గారు ఈ పని చూపించారు. ఆవిడ ఇరవై ఏళ్ళుగా అక్కడ నర్సు. చినెన్ గారి కూతురు కరోల్ ఆవిడ పక్కింట్లో ఉంటుంది. వారానికి నాలుగు మధ్యాహ్నాలు వెళ్ళి పెద్దాయనకి భోజనం, మందులు చూసి, మంచు లేనప్పుడు వీధి చివరిదాకా నడిపించాలి.

మూడో వారంలో షెర్లీ గది తుడుస్తుంటే, అలమర పైన ముదురు నీలం గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువు కనిపించింది. దాని పక్కన ఒక గిన్నెలో నీళ్ళు, అందులో తడిగుడ్డ. ఏమిటని అడిగింది. ఆయన తనే కిందికి దించి ముడి విప్పారు.

చూడగానే షెర్లీ వెనక్కి జరిగింది. పళ్ళెమంత ఉన్న చిన్న డొల్ల. దానికి రెండు వైపులా పాము చర్మం బిగించి ఉంది, పొలుసులతో సహా. అందులోంచి సన్నగా, నల్లగా, అద్దంలా మెరిసే పొడవాటి మెడ. మూడే తీగలు.

"కొండచిలువ," అన్నారాయన. "చచ్చి చాలా ఏళ్ళయింది, కరవదు. దీన్ని సాన్‌షిన్ అంటారు. జపానుకి దక్షిణాన ఉన్న మా ఒకినావా ద్వీపాల వాయిద్యం."

చూపుడువేలికి కొమ్ముతో చేసిన గోరులాంటిది తొడుక్కుని ఆయన వాయించడం మొదలుపెట్టారు. ఎండిపోయిన, చిన్న చప్పుడు. ఒక్కో మీటూ గచ్చుమీద గింజ పడ్డట్టు విడివిడిగా పడుతోంది. వాటి మధ్యనుంచి ఆయన గొంతు నెమ్మదిగా, తొందర లేకుండా సాగింది. పాట అయ్యాక షెర్లీ అలవాటు కొద్దీ ఆ వరసని నోట్లో తనలో తను అనుకుంది, తండ్రి దగ్గర కీర్తనలు నేర్చుకునేటప్పుడు చేసినట్టు. ఒక్క స్వరం కూడా తప్పలేదు.

ఆయన చెయ్యి ఆగిపోయింది. "మళ్ళీ అను."

మళ్ళీ అంది. ఆయన లేచి వెళ్ళి వంటింట్లో కుళాయి తిప్పి, నీళ్ళు అలా పోనిస్తూ కాసేపు నిలబడి, తిరిగి వచ్చి కొమ్ముగోరు ఆమె చేతిలో పెట్టారు.

అలా మొదలైంది. కాగితం లేదు, పుస్తకం లేదు. ఆయన ఒకసారి వాయిస్తారు, ఆమె వాయించాలి. తప్పితే ఆయన కోప్పడేవారు కాదు. "ఇంకోసారి" అనేవారు, అంతే. చిన్నప్పటినుంచి తల్లి పక్కన లేసు సూది పట్టిన వేళ్ళు కాబట్టి షెర్లీకి ఎడమ చెయ్యి తొందరగానే వచ్చింది. రెండు నెలలకి ఆయన, "మిస్టర్ చినెన్ అనకు. మావాళ్ళు తాతని ఉసుమె అంటారు. అలా పిలువు," అన్నారు.

పాఠం అయ్యాక కథ చెప్పేవారు. ఆ నల్లటి మెడ వాళ్ళ ద్వీపంలో దొరికే చేవకర్రది. ఆయన తాత కూడా దాన్ని తన తాతగారి చేతులనుంచి అందుకున్నాడట. చర్మం నాలుగుసార్లు మార్చారు, మెడ మాత్రం అదే. "చర్మం చొక్కాలాంటిది. మనిషంటే ఈ మెడే," అనేవారు. ఆయన తండ్రి దాన్ని బియ్యం బస్తాలో దాచి ఓడెక్కి వచ్చి, కాల్గరీకి దక్షిణంగా లెత్‌బ్రిడ్జ్ దగ్గర బొగ్గుగనిలో దిగాడు. మొదటి చలికాలానికే చర్మం పగిలింది. మరో చర్మం ఎక్కడినుంచి వస్తుంది? పిండి బస్తా కాగితం పొరలు పొరలుగా గంజితో అంటించి, ఆరేళ్ళు దానిమీదే వాయించాడు. యుద్ధం వచ్చి జపాను పేరున్నవాళ్ళందరినీ అనుమానంగా చూసే రోజుల్లో, బంగాళాదుంపలు నిలవచేసే నేలమాళిగలో పూడ్చిపెట్టాడు.

"పోలీసులు వచ్చారా?" అని షెర్లీ అడిగింది.

"రాలేదు. కానీ నాలుగేళ్ళు మా ఇంట్లో పాట లేదు. నాకు ఆరు నుంచి పది. నేర్చుకోవాల్సిన వయసంతా అందులోనే పోయింది. ఆ తర్వాత నేను కొట్టించుకుని నేర్చుకున్నాను."

ఒకరోజు కరోల్ ఆమెను కారులో ట్రైన్ స్టేషన్ దాకా దింపింది. ఆయిల్ కంపెనీలో లాయరు. అరవై దగ్గరపడుతున్న, ఎప్పుడూ అలసిపోయినట్టుండే మనిషి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "నాన్న నీతో నవ్వుతాడా?" అని అడిగింది.

"నవ్వుతారు. ఎందుకు?"

కరోల్ ఎడమచెయ్యి స్టీరింగ్ మీదనుంచి తీసి చూపించింది. చూపుడువేలి కొసన సన్నటి తెల్లటి గీత. "ఆరేళ్ళప్పుడు. తీగ తెగి కోసుకుంది. రక్తం కారుతుంటే గుడ్డ చుట్టి, పాట పూర్తయ్యాకే లెమ్మన్నాడు. బడిలో పిల్లలు పిల్లి అరుపని వెక్కిరించేవాళ్ళు, ఇంట్లో ఈయన. పన్నెండో ఏట ఇక ముట్టనని చెప్పేశాను. మూడేళ్ళు నాతో మాట్లాడలేదు." సిగ్నల్ పడింది. "నీతో ఇంకోసారి అంటాడు కదూ? నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. నాతో ఒక్కసారీ అనలేదు."

షెర్లీ సారీ అంది. దానికి కరోల్ నవ్వింది, కానీ ఆ నవ్వు షెర్లీకి బాగా అనిపించలేదు.

మరుసటేడు శరదృతువులో ఆయనకి వాళ్ళ లెక్కలో ఎనభై ఎనిమిది నిండాయి. పుట్టగానే ఒక ఏడని లెక్క. వాళ్ళవాళ్ళకి అది పెద్ద పండగట. కరోల్ కేకు తెచ్చింది. బల్ల చుట్టూ ముగ్గురే. షెర్లీ ఒక పాట వాయించింది. ఆయన కళ్ళు మూసుకుని విని, అయ్యాక కూతురివైపు తిరిగారు.

"నా తర్వాత ఇది ఈ పిల్లకి వెళ్ళాలి. వాయించేవాళ్ళ దగ్గరే ఉండాలి. విన్నావా?"

కరోల్ కేకు కోస్తోంది. కత్తి ఆపకుండానే, "సరే నాన్నా," అంది.

షెర్లీ ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి తండ్రికి చెప్పింది. కాలేబు నమ్మలేదు. "అంత పాతది నీకెందుకిస్తారమ్మా? సరిగ్గా విన్నావా?" అన్నాడు. విన్నానని రెండుసార్లు చెప్పింది.

క్రిస్మస్ వెళ్ళాక ఆయన మియాగి పాట నేర్పారు. మియాగి ఆయన తండ్రి ఊరివాడే. ఇద్దరూ ఒకే ఓడలో వచ్చి, ఒకే గదిలో పడుకుని, ఒకే గనిలో దిగేవారు. ఒకరోజు లోపల కప్పు కూలింది. తండ్రి బయటికి వచ్చాడు, మియాగి రాలేదు. ఆ చలికాలమే తండ్రి ఈ పాట కట్టాడు, ఆ పిండి బస్తా కాగితం మీదే వాయిస్తూ. ఎక్కడా రాయలేదు. ఇంటి గడప దాటనివ్వలేదు. నాలుగే పాదాలు. భాష షెర్లీకి రాదు కాబట్టి శబ్దం నేర్చుకుంది. అర్థం ఆయన ఇంగ్లీషులో చెప్పారు:

పైనంతా తెలుపు, కిందంతా నలుపు, మియాగీ,
మన సముద్రం రంగు ఇక్కడెవరికీ తెలియదు.
నీ చెప్పులు నా గుమ్మంలోనే ఉన్నాయి,
వీధివైపు తిప్పి పెట్టాను, తొడుక్కుని వెళ్ళు.

మూడో పాదం దగ్గర వరస ఒక్కసారిగా కిందికి జారి, ఎక్కడో ఊహించని చోట ఆగేది. అది పట్టుకోవడానికి షెర్లీకి మూడు వారాలు పట్టింది. "అక్కడ ఊపిరి తియ్యకు," అనేవారాయన. "మా నాన్న అక్కడ తీసేవాడు కాదు." ఫోన్‌లో రికార్డు చేసుకోనా అని అడిగితే ఒప్పుకోలేదు. "యంత్రంలో పెట్టుకున్నది మనిషి మర్చిపోతాడు."

ఫిబ్రవరిలో ఆయన వంటింట్లో పడిపోయారు. షెర్లీ వెళ్ళేసరికి నేలమీదున్నారు. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది.

ఆసుపత్రిలో మొదటి వారమంతా ఆయన ఎవరినీ చూడలేదు. ఎనిమిదో రోజు షెర్లీ నర్సులని అడిగి సాన్‌షిన్ తీసుకెళ్ళింది. మెల్లగా, తీగలు కదిలీ కదలనట్టు వాయించింది. ఆయన కళ్ళు తెరిచారు. దుప్పటి మీద ఎడమచేతి వేళ్ళు కదిలాయి, కనిపించని మెడ మీద స్థానాలు వెతుక్కుంటూ. సరిగ్గా అప్పుడే ఒక అమ్మాయి సూట్‌కేసుతో గుమ్మంలో ఆగిపోయింది. నల్లకోటు, చిన్న జుట్టు, కళ్ళనిండా నీళ్ళు. కరోల్ కూతురు ఎమిలీ, విమానం దిగి తిన్నగా వచ్చింది. పాట అయ్యాక షెర్లీని కావలించుకుని భుజం తడిసేదాకా ఏడ్చింది.

నాలుగు రోజులు ఇద్దరూ అక్కచెల్లెళ్ళలా ఉన్నారు. ఎమిలీ టొరంటోలో చదువుతోంది, ఆల్బర్టా రాష్ట్రంలోని ఒకినావా కుటుంబాల మీదే థీసిస్. తాత చెప్పిన కథలన్నీ షెర్లీని అడిగి రాసుకుంది. అయిదో రోజు కాఫీ తాగుతూ, "సాన్‌షిన్ రోజూ నువ్వే తెస్తున్నావు. ఎక్కడ ఉంచుతున్నావు?" అని అడిగింది.

"మా రూమ్‌లో. ఆయన నాకిచ్చారు."

ఎమిలీ కప్పు కింద పెట్టింది. "ఇచ్చారంటే?"

షెర్లీ చెప్పింది. ఎమిలీ గొంతు పెంచకుండానే అంది: "నేను నిన్ను తప్పు పట్టడం లేదు. కానీ నీకు తెలీదు. మా ముత్తాతని ఒకినావాలో జపాను బడిలో సొంతభాష మాట్లాడాడని మెడలో పలక వేసి నిలబెట్టారు. ఊరు పోయింది, భాష పోయింది, మా అమ్మకీ నాకూ ఒక్క ముక్క రాదు. మిగిలింది అదొక్కటే. అది బయటివాళ్ళ ఇంట్లో ఉండటం... నువ్వు వాయించడం కూడా నాకు ఎలాగో ఉంది, షెర్లీ. సారీ. అది మాది."

"నేనేం తీసుకోలేదు," అంది షెర్లీ. "మీరంతా వద్దన్నదే నేను నేర్చుకున్నా."

అన్నాక నాలిక కరుచుకుంది. ఎమిలీ మొహం తెల్లబోయింది. ఆ మాటలో అబద్ధం లేదు, ఎమిలీ మాటలోనూ లేదు. అదే షెర్లీని ఎక్కువ బాధపెట్టింది.

ఆ ఆదివారం దయావతి గారు ప్రార్థన అయ్యాక ఆమెను పక్కకి తీసుకెళ్ళారు. కరోల్ ఆవిడతో ఏదో అని ఉంటుంది.

"ఏమ్మా, ఆ వీణ గొడవేంటి?"

"వీణ కాదాంటీ. ఆయన నాకిస్తానన్నారు. కరోల్ ముందే అన్నారు."

"అన్నారే అనుకో. కాగితం ఉందా? లేదు. నీ కోర్సు అయిపోయింది, వర్క్ పర్మిట్ వచ్చింది, రేపు ఇక్కడే ఉండిపోడానికి పీఆర్‌కి అప్లై చేయాలంటే ఏడాదిన్నర ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎవరివ్వాలి? కరోలే కదా. ఆవిడ కేర్‌గివర్ అని డ్యూటీస్ అన్నీ రాసిస్తే ఒక లెక్క, ఊరికే తోడుకి వచ్చేది అని రాస్తే ఇంకో లెక్క. నీతో వచ్చిన పిల్లలు ఎంతమంది వెనక్కెళ్ళిపోతున్నారో చూస్తున్నావుగా." ఆవిడ షెర్లీ చెయ్యి పట్టుకున్నారు. "నీకు లెటర్ కావాలా, వాయిద్యం కావాలా? నేను నీ మంచికే చెప్తున్నానమ్మా."

కరోల్ ఎప్పుడూ ఆ రెంటినీ కలిపి మాట్లాడలేదు. బెదిరించలేదు. లెటర్ అడిగితే, "తప్పకుండా, గురువారం ఆసుపత్రిలో ఇస్తాను," అని మర్యాదగానే చెప్పింది. గురువారం మధ్యాహ్నం గదిలో ముగ్గురు ఆడవాళ్ళూ ఉన్నారు. మంచం మీద ఆయన నిద్రలో ఉన్నారు. సాన్‌షిన్ కిటికీ దగ్గర కుర్చీలో, నీలం గుడ్డలో ఉంది.

కరోల్ బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, ఆఫీసు మీటింగులో అడిగినట్టు అడిగింది: "షెర్లీ, ఎమిలీకి స్పష్టంగా తెలిస్తే మంచిది. నాన్న నీకు దీన్ని ఇస్తానని ఎప్పుడైనా అన్నారా?"

షెర్లీ ఆమె మొహంలోకి చూసింది. కేకు కోస్తున్న చెయ్యి, సరే నాన్నా అన్న గొంతు, అన్నీ ఆ మొహంలోనే ఉన్నాయి. కరోల్ చూపు తిప్పుకోలేదు.

"లేదు," అంది షెర్లీ. "జాగ్రత్తగా చూసుకోమన్నారు, అంతే."

అనేసి, ఎందుకో మంచం వైపు చూసింది. ఆయన నిద్రలో లేరు. రెండు కళ్ళూ తెరిచి ఆమెనే చూస్తున్నారు. ఎంతసేపటినుంచో. ఆమె "ఉసుమె," అని ఒక అడుగు వేసింది. ఆయన చాలా కష్టపడి, బాగున్న ఎడమవైపు బలమంతా పెట్టి, మొహం గోడవైపు తిప్పుకున్నారు.

ఆ మధ్యాహ్నమే కరోల్ కవరు ఇచ్చింది. లెటర్ రెండు పేజీలు. డ్యూటీలన్నీ వివరంగా, గంటలతో సహా. చివర్లో 'మా కుటుంబంలో మనిషిలాంటిది' అని కూడా రాసింది. షెర్లీ ఎమిలీకి సాన్‌షిన్ అందిస్తూ, గది పొడిగా ఉంటే చర్మం పగులుతుందనీ, పక్కన నీళ్ళు పెట్టాలనీ చెప్పింది. ఎమిలీ ఫోన్‌లో నోట్ చేసుకుంది.

తర్వాత ఆయన్ని కేర్ హోమ్‌కి మార్చారు. షెర్లీ రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ ఆయన కళ్ళు మూసుకున్నారు. రెప్పలు అదురుతూనే ఉన్నాయి, కానీ తెరవలేదు. మంచం పక్కన కూర్చుని ఆమె ఇంగ్లీషులో క్షమించమంది, తెలుగులో క్షమించమంది. మూడోసారి వెళ్ళే ధైర్యం చాలలేదు. ఏప్రిల్ చివర్లో కరోల్ దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది. ఆయన వెళ్ళిపోయి అప్పటికే అయిదు రోజులు. అంత్యక్రియలు కుటుంబం మటుకే జరుపుకున్నారట.

షెర్లీ దేశానికి తూర్పు కొసనున్న హాలిఫాక్స్‌కి మారింది. అక్కడ వృద్ధాశ్రమంలో ఉద్యోగం ఆ లెటర్ చూసే ఇచ్చారు. ఫెర్రీలో హార్బర్ దాటి పనికి వెళ్ళేది. ఒకరోజు ఫెర్రీలో ఫోన్ చూస్తుంటే ఎమిలీ పెట్టిన వీడియో వచ్చింది. 'మా తాతగారి సాన్‌షిన్ ఇల్లు చేరింది' అని పైన రాసుంది. అందులో వాయిస్తున్న ఎమిలీ కొమ్ముగోరు తిరగేసి తొడుక్కుంది. మధ్య తీగ శ్రుతి దిగిపోయి ఉంది. వందలమంది హృదయాలు పెట్టారు. షెర్లీ ఫోన్ జేబులో పెట్టుకుంది, మళ్ళీ తీసింది, మళ్ళీ చూసింది. ఆ మధ్య తీగ చప్పుడు ఆ రోజంతా పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

నవంబరులో ఎమిలీ ఫోన్ చేసింది. గొంతు మెత్తగా ఉంది. "ఎలా ఉన్నావు? నీకు ఫోన్ చేయాలని చాలాసార్లు అనుకున్నా... ముత్తాత గనిలో స్నేహితుడి మీద ఒక పాట కట్టాడని అమ్మ చెప్పింది. చిన్నప్పుడు తలుపు వెనకనుంచి విన్నదట, వరస గుర్తులేదంది. లెత్‌బ్రిడ్జ్‌లో ఎవరినడిగినా తెలీదంటున్నారు. తాత నీకు నేర్పారా?"

షెర్లీ ఆశ్రమం వెనక మెట్లమీద కూర్చుని ఉంది. పాట మొత్తం, నాలుగు పాదాలూ, ఊపిరి తీయకూడని ఆ చోటుతో సహా, అప్పుడామె నోటి చివరే ఉంది.

"సొంత పిల్లలకి చెప్పని పాట నాలాంటి బయటిదానికి ఎందుకు చెప్తారు?" అంది. "నాకు తెలీదు."

"సరే. అనుకున్నాను. థాంక్యూ, షెర్లీ."

ఎమిలీ ఏమాత్రం అనుమానించలేదు. ఫోన్ పెట్టాక షెర్లీకి గుండెలో ఏదో చల్లగా, తియ్యగా దిగింది. నెలల తర్వాత మొదటిసారి ఆకలేసి అన్నం బాగా తింది. తీసుకున్నారుగా, ఆ కర్రా చర్మమూ ఉంచుకోండి, అనుకుంది. ఆ తీపి వారం రోజులు నిలిచింది.

ఏడాది గడిచింది. డబుల్ షిఫ్టులు, ఫారాలు, మెడికల్స్. మరో నవంబరులో పీఆర్ కన్ఫర్మేషన్ వచ్చింది. దయావతి గారు ఫోన్‌లోనే ఏడ్చేశారు. "వందనాలమ్మా! దేవుడు నిన్ను ఎలా నిలబెట్టాడో చూశావా? నేను చెప్పలే?" నరసాపురంలో కాలేబు చర్చిలో సాక్ష్యం చెప్పి అందరికీ లడ్లు పంచాడు. "ఆ ముసలాయన వాయిద్యం ఏమైందమ్మా, నీకిచ్చారా?" అని అడిగాడు. "లేదు నాన్నా, వాళ్ళ మనవరాలికి ఇచ్చారు. అదే న్యాయం," అని చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఆశ్రమంలో ఒక ఖాళీ గదిలో దుప్పటి మారుస్తూ, చాలా రోజుల తర్వాత మియాగి పాట ఎత్తుకుంది. మొదటి పాదం వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడో పాదానికి గొంతు కిందికి జారి ఎక్కడో ఆగింది. ఆగిన చోటు అది కాదని ఆమెకి తెలుసు. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఇంకో చోట ఆగింది. మాటలు కూడా సగమే ఉన్నాయి. అర్థం తెలుసు, చెప్పులు, గుమ్మం, వీధివైపు తిప్పి పెట్టడం. ఆ భాషలో వాటిని ఏమంటారో మాత్రం నోరు తిరగడం లేదు. దుప్పటి చేతిలోనే ఉండిపోయింది.

ఎవరో సహోద్యోగి దగ్గర గిటార్ అడిగి తెచ్చుకుంది. వేళ్ళకి తెలుస్తుందేమోనని కళ్ళు మూసుకుని ప్రయత్నించింది. అంత వెడల్పు మెడ మీద వేళ్ళు తడబడ్డాయి. పది రోజులు అలా చేసింది. పదకొండో రోజు మూడో పాదం చక్కగా, తడుముకోకుండా వచ్చింది. ఆనందంతో రెండుసార్లు పాడాక గుర్తుపట్టింది. అది తండ్రి హార్మోనియం మీద వాయించే ఒక కీర్తన చరణం.

అప్పుడు ఎమిలీకి ఫోన్ చేసింది. వీడియోలో మాట్లాడదామంది. ఎమిలీ వెనక గోడకి సాన్‌షిన్ కనిపిస్తోంది. షెర్లీ నాన్చకుండా చెప్పేసింది. ఆయన నేర్పారు, నేను అబద్ధం చెప్పాను, ఆ సాన్‌షిన్ నాకిస్తానన్న మాట కూడా నిజమే, మీ అమ్మ విన్నారు.

ఎమిలీ లేచి, గోడమీదనుంచి సాన్‌షిన్ దించి, ఒళ్ళో పెట్టుకుంది. "అమ్మ సంగతి తర్వాత. పాట చెప్పు."

షెర్లీ శ్రుతి సరిచేయించింది. కొమ్ముగోరు ఎటు తిప్పాలో చెప్పింది. మొదటి పాదం పాడింది. ఎమిలీ తడబడుతూనే పట్టుకుంది. రెండో పాదం. ఎమిలీ బుగ్గలమీదనుంచి నీళ్ళు కారుతున్నాయి, వాయించడం ఆపలేదు. ఒక గంట గడిచింది.

"తర్వాత?" అంది ఎమిలీ.

"తర్వాతది రావడం లేదు."

"అంటే?"

"మర్చిపోయాను. కిందికి దిగుతుంది, ఊపిరి తీయకూడదు. అర్థం చెప్తాను, రాసుకో. వరస మాత్రం పోయింది, ఎమిలీ. నిజంగా."

ఎమిలీ చేతులు తీగల మీదే ఆగిపోయాయి. తెరలోంచి ఆమె చూసిన చూపులో కోపం కంటే ఇంకేదో ఉంది.

"నీకు తెలిసినప్పుడు తెలీదన్నావు, నమ్మాను. ఇప్పుడేమో సగం చెప్పి మర్చిపోయానంటున్నావు."

"ప్రమాణం చేస్తున్నా."

"నువ్వు చెప్పదలుచుకోకపోతే చెప్పొద్దు, షెర్లీ. మేం నీకు చేసినదానికి అది నీ హక్కే అనుకో. కానీ మర్చిపోయానని మాత్రం అనకు."

ఏం చెప్పినా ఒకటేనని షెర్లీకి అర్థమైంది. ఎమిలీ చెయ్యి ముందుకు వచ్చింది, తెర నల్లబడింది.

మరుసటి వేసవిలో లెత్‌బ్రిడ్జ్‌లో ఒకినావా కుటుంబాల సభ జరిగింది. ఎమిలీ అక్కడ వాయించిన వీడియో షెర్లీ కంటపడింది. ఈసారి శ్రుతి సరిగ్గా ఉంది, కొమ్ముగోరు సరిగ్గా ఉంది. రెండు పాదాలు వాయించి, ఎమిలీ చెయ్యి ఆపి, తలవంచుకుని అలాగే కూర్చుంది. మిగతా పాట మాకు దక్కలేదని తర్వాత చెప్పింది. మొదటి వరసలో కరోల్ ఎడమచెయ్యి కుడిచేతిలో పెట్టుకుని, కదలకుండా కూర్చుని ఉంది. ఆ మౌనం తమని కదిలించిందని, పాటకంటే అదే బాగుందని కింద చాలామంది రాశారు.

షెర్లీ దాన్ని రెండోసారి పెట్టలేదు. డ్యూటీకి టైమవుతోంది.